తిట్లు పడని పిల్ల

అమ్మ తిడుతుంటే పాపకు కడుపు మండిపోయేది. తనను తిట్టినందుకు కాదు, తిట్టనందుకు.

వాళ్ళ ఇంటి ముందుగదే అమ్మ కుట్టుకొట్టు. వీధి తలుపు తెరిస్తే కొట్టు, మూస్తే ఇల్లు. అక్కడ పని నేర్చుకోవడానికి వచ్చే పిల్ల ఒక్కచోట నిలవదని అమ్మే దానికి బొంగరం అని పేరు పెట్టింది. పాపదీ దానిదీ ఒకటే ఈడు.

"కళ్ళు నెత్తికెక్కాయా? ఆ కుట్టు చూడు, పాము పాకినట్టుంది! విప్పు, మళ్ళీ కుట్టు!" అని అమ్మ రోజంతా దాని వెంటపడేది.

"విప్పుతున్నాలే అత్తా! నీ గొంతుకు జడిసి మిషను కూడా ఆగిపోయింది" అనేది బొంగరం. తర్వాత ఇద్దరూ పగలబడి నవ్వేవాళ్ళు. పక్కగదిలో పుస్తకం ముందు కూర్చున్న పాప చదివిన వాక్యమే మళ్ళీ మళ్ళీ చదివేది.

తను కొట్టులో అడుగు పెడితే చాలు, అమ్మ గొంతు మెత్తబడేది. "నీకెందుకు తల్లీ ఈ దుమ్ము? వెళ్ళి చదువుకో." సూదిలో దారం ఎక్కిస్తానన్నా అదే మాట. చుట్టాలొస్తే "మా పాపకు చదువు తప్ప ఏమీ తెలియదు" అని మురిసిపోయేది. ఆ మాట పాపకు ముల్లులా గుచ్చుకునేది. ఆ తెలియనిదంతా బొంగరానికి తెలుసు. నేర్పింది తన అమ్మే.

ఒక మధ్యాహ్నం అమ్మ దారపు రీళ్ళకోసం బజారుకు, బొంగరం అన్నానికి ఇంటికి వెళ్ళారు. బల్ల మీద, పక్క వీధి నర్సమ్మ తనకు గౌను కుట్టమని ఇచ్చిన గుడ్డ ఉంది. ఒంటి భాగమంతా కత్తిరించడం అయిపోయింది, పొడుగు చేతులే మిగిలాయి. చేతి కొలతకు అమ్మ చేసి ఉంచిన అట్ట పక్కనే ఉంది.

ఇంతేనా, అనుకుంది పాప. అట్టను గుడ్డ మీద పెట్టి, చాక్‌తో గీసి, గీత నుంచి వెంట్రుకవాసి కూడా పక్కకు పోకుండా కత్తిరించింది. అట్టను మళ్ళీ అలాగే పెట్టి రెండోదీ కత్తిరించింది. లెక్కల పుస్తకంలో బొమ్మల్లా అచ్చం ఒక్కలాగే వచ్చాయి. అమ్మ ఏమని మెచ్చుకుంటుందో ఊహించుకుంటూ కూర్చుంది.

అమ్మ వచ్చి రెండు ముక్కల్నీ బల్ల మీద పరిచింది. ముఖం ఎర్రబడింది.

"బొంగరం!"

అప్పుడే గడప దాటుతున్న పిల్ల అక్కడే ఆగిపోయింది.

"రెండూ ఎడమ చేతులే! రెండోదానికి అట్ట తిరగెయ్యాలని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? పువ్వులు ఒకవైపే ఉన్న గుడ్డ, తిప్పి కుట్టడానికీ లేదు. నర్సమ్మకు కుడిచెయ్యి లేదనుకున్నావా?"

బొంగరం బల్ల వైపు చూసింది. పాప వేళ్ళకంటిన చాక్ వైపు చూసింది. తనే కత్తిరించినట్టు తల వంచుకుంది.

పాపకు ఒళ్ళు మండింది. తనకు రావలసిన తిట్లు కూడా ఈ పిల్లే పట్టుకుపోతోంది!

"నేను కత్తిరించానమ్మా."

అమ్మ గొంతు చప్పున దిగిపోయింది. "నువ్వా... పోనీలే తల్లీ, నేను చూసుకుంటా. వెళ్ళి చదువుకో."

"నన్నూ తిట్టు!" అని అరిచింది పాప. "దానికైతే విప్పు, మళ్ళీ కుట్టు అంటావు. నాకేమో వెళ్ళు, చదువుకో. రేపు నువ్వు పక్కన లేకపోతే నేనేం చెయ్యాలి?"

అమ్మ స్టూలు మీద కూలబడింది. "నన్ను ఎవరూ చదువుకోమనలేదే. అందుకే నీకు ఆ ఒక్కమాటే చెబుతూ వచ్చాను" అంది. కళ్ళు తుడుచుకుంది. "సరే. సాయంత్రం నర్సమ్మ వస్తుంది. నువ్వే చెప్పు."

"వద్దత్తా, ఆవిడ నోరు మంచిది కాదు. నేను చెబుతాలే."

"నువ్వు నోర్ముయ్."

సాయంత్రం నర్సమ్మ వచ్చింది. అమ్మ మిషను మీంచి తలెత్తలేదు.

"మీ గౌను చేతులు నేను పాడుచేశానండీ. రెండూ ఎడమవైపువే అయ్యాయి. మిగిలిన గుడ్డలో పొట్టి చేతులు వస్తాయి" అంది పాప.

"పొడుగువని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా! నువ్వెవరు చెప్పడానికి? మీ అమ్మను మాట్లాడమను."

మిషను ఆగింది. పాప ఆశగా చూసింది. అమ్మ దారం తెంపుకుని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

"ఇదే గుడ్డ వెతికి తెస్తానండీ. నేనే తెస్తాను."

"తే, చూస్తాను" అని నర్సమ్మ విసవిసా వెళ్ళిపోయింది.

బొంగరం నేల మీది ముక్కలు ఊడుస్తోంది. దాని ముఖంలో నవ్వు లేదు.

"నేను పాడుచేసినవన్నీ తనే పాడుచేసినట్టు అత్త బట్టలిచ్చినవాళ్ళకు చెప్పేది. నన్నెప్పుడూ ఇలా ఎదురుగా నిలబెట్టలేదు. నీకేమే, కన్నకూతురివి" అంది.

ఆ గొంతులోని మంట పాపకు బాగా తెలిసిందే. కొట్లో చూపించడానికి పువ్వుల గుడ్డ ముక్క ఒకటి మడిచి చేతిలో పట్టుకుంది.

"బట్టల బజారుకు ఎటు వెళ్ళాలే?"

"దారిలో అడుగుతూ వెళ్ళు" అంది బొంగరం, చీపురు ఆపకుండా. "నేనూ మొదటిసారి అలాగే వెళ్ళాను."