ఎస్తేరు కారులో వెనక సీటు

రోజూ పొద్దెక్కకముందే ఎస్తేరు రెండు పనులు ముగించేది. లంకలోకి వెళ్ళి ముదిరిన అరటి గెలలు నరికించేది. తిరిగొచ్చి కారు రేడియేటరులో కృష్ణ నీళ్ళు పోసి, గుప్పెడు పసుపు కలిపేది. రేడియేటరుకి చిల్లి ఉంది. పసుపు ఆ చిల్లిని బందరు దాకా మూసి ఉంచుతుంది. మర్నాటికి మళ్ళీ కొత్త పసుపు. యుద్ధం వచ్చాక ట్యూబులు దొరక్క, ముందు చక్రంలో వరిగడ్డి కుక్కింది. పెట్రోలుకి రేషను పెట్టాక, బొగ్గు గ్యాసుతో నడిచేలా వెనకాల బొగ్గుపొయ్యి డబ్బా తగిలించింది. దాంతో ఆ కారు ముందునుంచి చూస్తే పెళ్ళికొడుకులా, వెనకనుంచి చూస్తే వంటవాడిలా ఉండేది.

కారు మొదట ఒక మిషను డాక్టరు దొరది. దొర స్వదేశం వెళ్ళిపోతూ తన డ్రైవరు అబ్రహాముకి ఇచ్చిపోయాడు. అబ్రహాము పోయాక భార్య ఎస్తేరుకి వచ్చింది. కారుతోబాటు దాని గుణమూ వచ్చింది.

గుణమంటే, వెనక సీట్లో ఏది పెట్టినా బందరు చేరేసరికి దాని పక్వానికి అది వచ్చేస్తుంది. తోట్లవల్లూరులో పచ్చిగా ఎక్కిన చక్కెరకేళి గెల ఉయ్యూరులో చారలు తేలి, పామర్రులో రంగెక్కి, గూడూరు దాటేసరికి ఊరి ఈగలన్నిటినీ పేరుపెట్టి పిలిచేది. తోడేసిన పాలు పెడితే మైలు తిరక్కుండానే గడ్డ పెరుగు. గుడ్లబుట్టతో ఎక్కిన ఒకావిడ బందరులో కోడిపిల్లల బుట్టతో దిగి, బేరం మార్చుకుని వెళ్ళింది. దీన్ని ఊళ్ళో ఎవరూ వింతగా చెప్పుకోలేదు. ఆడమనిషి కారు నడపడం గురించి మాత్రం రెండేళ్ళు చెప్పుకున్నారు.

పండాల్సినవి వెనక, పండినవాళ్ళు ముందు. కారుకి ఉన్న నియమం అదొక్కటే. అందుకే వారానికోసారి బందరులో కూతురింటికి వెళ్ళే కామేశ్వరమ్మగారు ముందు సీట్లోనే కూర్చునేది. ఆవిడకి డెబ్భై దాటాయి. మడి మనిషి కాబట్టి తనకీ ఎస్తేరుకీ మధ్య ఒక అరటాకు నిలబెట్టుకునేది. మొదటి కుదుపుకే ఆకు కింద పడేది. ఆవిడ మళ్ళీ తీసేది కాదు.

లంకలో ఎస్తేరుకున్నది రెండెకరాల కౌలు తోట. కారు రాకముందు పచ్చి గెలలన్నీ షావుకారు ధనరాజుకే ఇవ్వాల్సొచ్చేది. పొగబెట్టి కాయలు మాగేసే గది చుట్టుపక్కల అతనొక్కడికే ఉంది మరి. గెల కోసిన రోజు అతను వచ్చేవాడు కాదు. రెండోరోజు వచ్చేవాడు. నల్లబడ్డ కాయొకటి వెతికి పట్టుకుని, పెదవి విరిచి, తన ధర చెప్పేవాడు. కారు చేతికొచ్చాక ఎస్తేరు రోజూ అతని గది ముందునుంచే బందరు వెళ్తోంది. ఆ దారి అరమైలు చుట్టు. అయినా అటే వెళ్తుంది.

నలభై రెండు వేసవిలో ఒక ఉదయం, గెలలన్నీ ఎక్కించేశాక, శేషాచలం సైకిలు మీద వచ్చాడు. గుడివాడ కుర్రాడు, పాతికేళ్ళుంటాయి. యుద్ధానికి బళ్ళు పట్టే కచేరీలో కొత్తగా చేరాడు. టోపీ తలకంటే ఒక అంగుళం పెద్దది. సైకిలు దిగి, కాగితం తీసి, గొంతు సవరించుకున్నాడు.

"ఈ వాహనాన్ని యుద్ధం ముగిసేవరకు సర్కారు వారు స్వాధీనం చేసుకుంటున్నారు. ఈ మధ్యాహ్నంలోగా బందరు చేర్చాలి."

ఎస్తేరు గెలల మీద ఆకులు సర్దుతూ, "ఇవ్వనండి," అంది.

"నేను అడగడం లేదమ్మా. ఇది ఉత్తర్వు."

"అడగలేదనే ఇవ్వనంటున్నా. అడిగుంటే ఆలోచించేదాన్నేమో."

"పోలీసులొస్తారు."

"రమ్మనండి. తోసుకెళ్ళడానికి నలుగురు కావాలి. కరకట్ట ఎక్కించాలంటే ఆరుగురు."

కామేశ్వరమ్మగారు ముందు సీట్లోంచి తల బయటపెట్టింది. "అబ్బాయీ, నువ్వెవరి తాలూకు?"

"గుడివాడ భీమశంకరం గారి అబ్బాయినండి."

"బడిపంతులు భీమశంకరమా? ఊరందరికీ బుద్ధి చెప్పి ఇంట్లో మర్చిపోయినట్టున్నాడు. నేను బందరు వెళ్ళాలి నాయనా. నన్ను దింపుతావా ఏం?"

"లేదండీ. బండి బందరే కదండీ వెళ్ళేది."

"అయితే కదలనీ."

ఎస్తేరు చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని కారు లేపే హ్యాండిలు అందుకుంది. "నేనూ బందరే వస్తున్నానయ్యా. బండి అప్పగించడానిక్కాదు. ఇవ్వనని మీ పైవాళ్ళ మొహం మీదే చెప్పడానికి."

శేషాచలం సంచీలోంచి జిగురుసీసా తీశాడు. ఉత్తర్వు బండిలో అంటించాలట. ఎండా వానా తగలకూడదట, డ్రైవరు చూపుకి అడ్డం రాకూడదట. ముందు అద్దం చూశాడు, తలుపులు చూశాడు. చివరికి గెలల మీదుగా వంగి, వెనక సీటు వీపుకి జిగురు రాశాడు.

"అక్కడొద్దు బాబూ," అంది ఎస్తేరు.

"నిబంధన అలా ఉందమ్మా."

"అది వెనక సీటండి."

"తెలుసు. కాగితమేమన్నా కాయా, పండడానికి?"

"చెప్పడం నా వంతు," అని ఎస్తేరు ఊరుకుంది.

అతను కాగితం అంటించి, నాలుగు మూలలూ అరచేత్తో రుద్దాడు. తనుమాత్రం వెనక ఎక్కలేదు. పెళ్ళి కావాల్సినవాడు. ముందు చూస్తే కామేశ్వరమ్మగారు, ఆవిడ అరటాకు. "నన్ను వెనక్కి పొమ్మంటావా? ఉయ్యూరులో పాడె కట్టించాల్సొస్తుంది," అందావిడ. దాంతో సర్కారు వారి ఉద్యోగి సైకిలు అక్కడే వదిలి, ఫుట్‌బోర్డు మీద నిలబడి, ఒక చేత్తో తలుపూ ఇంకో చేత్తో టోపీ పట్టుకుని బయల్దేరాడు.

ధనరాజు తన గది గుమ్మంలోనే ఉన్నాడు. టోపీని చూడగానే అతనికి సంగతి అర్థమైంది, నవ్వుకి పళ్ళన్నీ బయటపడ్డాయి.

"ఎస్తేరూ, గది ఖాళీగానే ఉందిలే," అన్నాడు.

"ఉంచుకో బావా, కోళ్ళు పెంచుకుందువుగాని," అని ఎస్తేరు గేరు మార్చింది. మార్చిందిగానీ, లెక్క ఆమెకి తెలుసు. ఈ మధ్యాహ్నం బండి పోతే, రేపు గెల తెచ్చేది ఆ గుమ్మంలోకే.

ఉయ్యూరు దాటాక కామేశ్వరమ్మగారు వెనక్కి తిరిగి చూసింది. "ఏమే, కాగితం రంగు తిరిగిందే."

"చూశానమ్మగారూ."

పామర్రులో నీళ్ళ కోసం ఆపారు. శేషాచలం దుమ్ము తుడుచుకుంటూ లోపలికి తొంగిచూశాడు. ఉత్తర్వు అంచులు గోధుమరంగుకి వచ్చాయి. తన రాత కింద, తను రాయని నాలుగు వరుసలు. పక్కన ఒక ముద్ర. ఆ కింద ఆకుపచ్చ సిరాలో ఎవరిదో పొడి అక్షరాల సంతకం. చూస్తూండగానే ఇంకో వరుస మొగ్గ తొడిగింది. గోటితో మూల లేపబోయాడు. జిగురు ఎన్నో ఏళ్ళ కిందట ఎండినట్టు రాయైపోయింది.

"చిరుగుతుందేమో," అన్నాడు బెంగగా.

"చిరిగితే మీమీద కేసవదూ," అంది ఎస్తేరు, నిజంగానే జాలిపడుతూ. అతను చెయ్యి తీసేశాడు. గూడూరు దాటేదాకా ఒక్కసారి కూడా లోపలికి చూడలేదు.

కామేశ్వరమ్మగారిని కూతురింటి దగ్గర దింపి, కచేరీ ముందు ఆపేసరికి పన్నెండు కావస్తోంది. కాగితం ఊడి రాదని విని హెడ్ గుమాస్తా జనార్దనరావే బయటికి వచ్చాడు. నలభై ఏడేళ్ళ మనిషి, ముక్కు మీద కళ్ళద్దాలు.

"బండి ఇవ్వనని చెప్పడానికొచ్చానండి," అంది ఎస్తేరు, ఆయన మెట్లు దిగకముందే.

"చెబుదువుగాని. ముందు కాగితం చూడనీ."

కదలకుండా ఉన్నప్పుడు అది మామూలు సీటే. ఆయన పంచె ఎగ్గట్టి, మగ్గిన గెలల మధ్య మోకాళ్ళ మీద నిలబడి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసుకుంటూ పైకే చదివాడు.

"నలభై రెండు మే, వాహనం స్వాధీనం. జూన్, ముందు చక్రంలో వరిగడ్డి ఉన్నట్టు అభ్యంతరం. ఆగస్టు, గడ్డికి సంజాయిషీ కోరడమైనది. నలభై మూడు, సంజాయిషీ అందలేదు. నలభై నాలుగు, ఇంకా అందలేదు. నలభై అయిదు, యుద్ధం ముగిసింది. యాభై జూలై, యుద్ధం ముగిసినందున వాహనాన్ని సొంతదారు ఎస్తేరుకి తిరిగి ఇచ్చివేయడమైనది." ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "యుద్ధం అయిపోయిన అయిదేళ్ళకి కాగితం కదిలింది. మన ఆఫీసే, సందేహం లేదు."

"కింద సంతకం ఎవరిదండీ?" అన్నాడు శేషాచలం.

"నాదే. చెయ్యి కొంచెం వణికింది." ఆయన సంతకం కింద ఉన్న హోదా చదివాడు. మళ్ళీ చదివాడు. ఎనిమిదేళ్ళ తర్వాత కూడా హెడ్ గుమాస్తాయే. ఒక చక్కెరకేళి తుంచుకుని, నిదానంగా ఒలుచుకుని, మొత్తం తిన్నాడు. అప్పుడన్నాడు, "శేషాచలం, స్వాధీనం చేసుకున్నట్టుంది, తిరిగి ఇచ్చినట్టుంది. ఇక మనకి పనేం మిగల్లేదు."

"బండి అసలు మన దగ్గరికి రాలేదు కదండీ."

"వచ్చింది, వెళ్ళింది. నీ కళ్ళు నమ్ముతావా, ఆఫీసు కాగితం నమ్ముతావా?"

"కాగితమేనండి," అన్నాడు శేషాచలం. బడిపంతులి కొడుకు మరి.

ఎస్తేరుకి ఇంగ్లీషు రాదు. బొమ్మలు చూడటానికి ఇంగ్లీషు అక్కర్లేదు. ఆమె తలుపులోంచి వంగి అట్టడుగు ముద్ర మీద వేలు పెట్టింది. "ఇందులో కిరీటం ఏదండీ?"

జనార్దనరావు ముక్కు కాగితానికి ఆనేదాకా వంగాడు. ముద్రలో మూడు సింహాలున్నాయి. కిరీటం లేదు, రాజుగారి పేరు లేదు.  ఆయన ఒక గెలని జరిపి, ఆ ముద్రకి అడ్డంగా ఆనించాడు.

"ఎస్తేరమ్మా, ఇది ఎవరికీ చూపించకు."

"మీక్కూడానా అండి?"

"నేను అప్పుడప్పుడు పళ్ళు కొనుక్కోవడానికి వస్తూంటాను," అన్నాడాయన, కిందికి దిగి మోకాళ్ళు దులుపుకుంటూ.

శేషాచలం అడక్కుండానే హ్యాండిలు తిప్పి కారు లేపాడు. "ముందు సీటు ఖాళీయేనయ్యా, సైకిలు దగ్గర దింపుతా," అంటే టోపీ ఒళ్ళో పెట్టుకుని ఎక్కి కూర్చున్నాడు.

ఆ వీధి చివర కలెక్టరు దొర బంగళా. హారను మోగించరాదని గేటు పక్కన ఇంగ్లీషులో పెద్ద పలక ఉంది. ఎస్తేరు దాన్ని చదవలేదు, ఏం రాసుందో మాత్రం బాగా తెలుసు. పలక దగ్గర కారు నెమ్మది చేసి, హారను రబ్బరు బుడ్డిని గుప్పిట్లోకి తీసుకుని, బంగళా గోడ ఈ మూలనుంచి ఆ మూలదాకా నొక్కుతూనే వెళ్ళింది.