సరిపోయే డబ్బా

రెండో విడత కరోనా సూరత్‌ను కమ్ముకున్న ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం వినోద లాప్‌టాప్ ఆగిపోయింది. చీర కొంగుకు అంచు గీస్తూ ఉండగా తెర ఒక్కసారిగా నల్లబడింది. బటన్ ఎంతసేపు నొక్కినా దీపం వెలగలేదు. చార్జర్ మార్చి చూసింది, ప్లగ్గు మార్చి చూసింది. చివరికి మూత మూసి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

పర్వత్ పాటియాలో రెండు గదుల ఇల్లు ఆమెది. రింగ్ రోడ్ మార్కెట్‌లో ఒక సేఠ్‌కు చీరల ప్రింటు డిజైన్లు గీసి ఇస్తుంది. మొగుడితో తెగిపోయి చాలా ఏళ్లయింది. తమ్ముడు పరుశురాం, మరదలు భూదేవి, వాళ్ల ఇద్దరు పిల్లలు అదే ఇంట్లో ఉండేవారు. పరుశురాం మగ్గాల కార్ఖానాలో పని చేసేవాడు. నిరుడు లాక్‌డౌన్‌లో పడ్డ పాట్లు మరిచిపోలేదు కాబట్టి, ఈసారి కేసులు పెరుగుతున్నాయని వినగానే పిల్లలను తీసుకుని సిరిసిల్ల దగ్గర ఊరికి వెళ్లిపోయాడు. "నువ్వు గూడ రా అక్కా," అన్నాడు. సేఠ్ పని ఆపలేదని చెప్పింది వినోద. అది నిజమే. ఊళ్లో మొగుడి సంగతి అడిగేవాళ్లకు మళ్లీ జవాబు చెప్పే ఓపిక లేదన్నదీ నిజమే. అది చెప్పలేదు.

వాళ్లు వెళ్లిన కొన్నాళ్లకే వెనక గల్లీలోని మగ్గాలు కూడా ఆగిపోయాయి. ఇన్నేళ్లూ ఆ మోత మధ్యే నిద్రపోయిన వినోదకు ఆ నిశ్శబ్దంలో కన్ను మూతపడటం లేదు. పాల ప్యాకెట్ గుమ్మానికి తగిలించి పోయే అతనూ, వారానికోసారి ఫోన్ చేసే సేఠూ తప్ప ఆమెతో మాట్లాడేవారు లేరు. తమ్ముడి ఊళ్లో సిగ్నల్ సరిగా అందదు.

లాప్‌టాప్ సంగతి చెబితే సేఠ్ మంచిగానే మాట్లాడాడు. మార్కెట్ ఆఫీసులో ఖాళీగా ఉన్న పాత కంప్యూటర్‌ను టెంపోలో పంపించాడు. "కానీ వినోదబెన్, పాత డిజైన్లన్నీ నీ దగ్గరే ఉన్నాయి కదా, అవి కావాలి," అన్నాడు హిందీలో. అవన్నీ చచ్చిన లాప్‌టాప్ లోపల, ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డిలో ఉన్నాయి. ఆ ఎస్‌ఎస్‌డి వేసింది పక్క వీధిలో కంప్యూటర్ల దుకాణం నడిపే రాజమౌళి. వేములవాడ వైపు మనిషి. అతని దుకాణం నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"రాజమౌళన్న లేడా?"

"ఆయన దవాఖానల ఉన్నడు. ఆక్సిజన్ పెట్టిండ్రు. నేను ఆయన ఇంటామెను."

"అయ్యో, తెల్వక చేసిన అక్కా," అని వినోద ఫోన్ పెట్టేసింది.

మర్నాడు పొద్దున ఆ నంబరు నుంచే ఫోన్ వచ్చింది. "నిన్న చేసి పెట్టేసినవు గదా. ఏం పని ఉండె?"

"ఏం లేదక్కా. లాప్‌టాప్ ఖరాబైంది. అన్న వచ్చినంక చూపిస్త."

"ఆయన ఎప్పుడొస్తడో డాక్టర్లకే తెల్వదు. దవాఖాన అనంగనే అందరు ఫోన్ పెట్టేస్తున్నరు. నన్నేమో లోపటికి రానియ్యరు. ఒక్కదాన్నే ఇంట్ల కూసుంటే పిచ్చి లేస్తున్నది. దుకాణం కిందనే ఉన్నది. నీకేం కావాలెనో చెప్పు, ఎతుకుత."

ఆమె పేరు పద్మారాణి. కంప్యూటర్ల గురించి తనకు ఏమీ తెలియదని ముందే చెప్పింది. వినోదకూ డిజైన్లు గీయడం తప్ప లోపలి సంగతులు తెలియవు. ఫోన్‌లో వీడియోలు చూసి, చిన్న స్క్రూడ్రైవర్‌తో లాప్‌టాప్ అడుగు రేకు ఊడదీసింది. లోపల వేలెడంత పొడవున్న పచ్చటి పలక కనిపించింది, అదే ఎస్‌ఎస్‌డి. దాన్ని తీసి ఒక చిన్న డబ్బాలో బిగించి, యూఎస్‌బీ తీగతో వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే అందులోవి తెరుచుకుంటాయని వీడియోలో చెప్పారు. ఆ డబ్బాను కేసింగ్ అంటారు. ఆన్‌లైన్‌లో చూస్తే వందల రకాలున్నాయి. ఏది తనదానికి సరిపోతుందో అర్థం కాలేదు, ఎప్పుడొస్తుందో కూడా అక్కడ రాసి లేదు.

"కేసింగులా? ఉన్నయ్," అంది పద్మారాణి, సగం షట్టర్ ఎత్తి దుకాణంలోకి దూరాక. "ఒకటి అరచెయ్యంత ఉన్నది, పలుచగ."

"అది కాదక్కా. అది పెద్ద డ్రైవులది. నాది సన్నగ, పొడుగ్గ ఉంటది."

"సన్నయి రెండు రకాలున్నయ్. ఒకటి నల్లది, ఇనుము లెక్క బరువున్నది. ఇంకోటి తెల్లది, పలాస్టిక్‌ది, లోపల అంత కనవడుతది. నల్లదే మంచిగున్నది చూడ."

"డబ్బ మీద ఏం రాసి ఉన్నది?"

పద్మారాణి కళ్లద్దాలు తెచ్చుకోవడానికి మేడ మీదికి వెళ్లింది. ఆమె మెట్లెక్కే చప్పుడు, ఆయాసం, ఎక్కడో కుక్కర్ కూత వినోదకు ఫోన్‌లో వినపడ్డాయి. ఫోన్ చెవికి ఆనించుకుని అవన్నీ వింటూ కూర్చుంది. ఆమె తిరిగి వచ్చి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. నల్లదాని మీద ఎన్‌విఎంఇ అని ఉంది. తెల్లదాని మీద సాటా అని ఉంది.

వినోద మళ్లీ వీడియోలు చూసింది. ఆ రెండూ వేరు వేరు జాతులు. పైకి ఒకలాగే ఉన్నా, ఒకదాని డబ్బాలో రెండోది పెడితే పలకదు. పలక చివర బంగారు రంగు పళ్లుంటాయి. వాటి మధ్య ఒకటే గాటు ఉంటే ఎన్‌విఎంఇ. రెండు గాట్లుంటే చాలావరకు సాటా. తనదానికి రెండు గాట్లున్నాయి. కానీ రెండు గాట్లున్న ఎన్‌విఎంఇలు కూడా అక్కడక్కడ ఉంటాయని ఇంకో వీడియోలో అన్నారు. పలక మీది కాగితం వేడికి చెదిరిపోయి, పేరు చదవడానికి వీల్లేకుండా ఉంది.

ఇలా వారం రోజులు గడిచాయి. పొద్దున పద్మారాణి ఫోన్ చేసేది. ముందు కేసింగ్ మాట, తరువాత వేరే మాటలు. ఆమె ఫోటోలు పంపేది, అవి మసకగా వచ్చేవి. తెల్లదానితో వచ్చే తీగకు వెడల్పాటి పాత రకం మూతి ఉందా అని వినోద అడిగేది. సేఠ్ పంపిన కంప్యూటర్‌కు అదే కావాలి. ఉందని చెప్పి పద్మారాణి, "ఏం కూర వండినవు?" అని అడిగేది. తనకు వండబుద్ధి కావడం లేదని, అన్నంలో పెరుగు కలుపుకుంటున్నానని చెప్పేది. వినోద తను తిన్నది కొంచెం పెంచి చెప్పేది. ఒకనాడు బెండకాయ వేపుడు చేశానని చెప్పి, తరువాత నిజంగానే చేసింది.

"రెండు పట్కపోయి ఏసి చూడరాదు? పలికింది ఉంచుకో," అంది పద్మారాణి ఒకసారి.

అది సులువైన మాటే. వినోదకు అది ముందే తోచింది కూడా. అయినా ఆ మాట తను ఎందుకు అనలేదో ఆమెకు తెలుసు. కేసింగ్ తేలిపోతే పొద్దున ఫోన్ రాదు.

"చూద్దామక్కా," అంది.

మర్నాడు పొద్దున కాకుండా మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఎత్తగానే పద్మారాణి గొంతు వణుకుతోంది. "అన్నకు ఏమైంది?" అని అడిగింది వినోద.

"ఆయన మెసేజ్ పెట్టిండు వినోదా. రాత్రి ఊకె ఉండలేక నీ సంగతి రాసిన. గిట్ల వినోద అనే ఆమెకు ఏ డబ్బ ఇయ్యాలె అని. చదువుత విను. 'ఆ లాప్‌టాప్ నేనే చేసిన. పాత మోడల్. సాటా ఏసిన. తెల్లది ఇయ్యి. స్క్రూ చిన్నది, పోగొట్టుకోవద్దని చెప్పు.' అంతే."

"ఇంకేం రాయలేదా?"

"ఏం రాయలె. రెండు రోజుల సంది నేను ఎట్లున్నవని అడిగితే ఒక్క ముక్క రాయలె. నీ డబ్బ కోసం ఇంత రాసిండు." ఆమె నవ్వడం మొదలుపెట్టింది. వినోద కూడా నవ్వింది. కాసేపటికి అవతల నవ్వు ఏడుపుగా మారింది. వినోద ఫోన్ పట్టుకునే ఉంది. పద్మారాణి ముక్కు చీదుకుని, "రేపు పొద్దుగాల వచ్చి తీస్కపో," అనేదాకా.

పొద్దున్నే వెళ్లింది. షట్టర్ మోకాలి ఎత్తు దాకా తెరిచి ఉంది. పిలిస్తే ఇంకొంచెం పైకి లేచింది. పద్మారాణి ముఖానికి మాస్కు, దాని మీద చీర కొంగు. అడ్డంగా వేసిన బల్ల మీద తెల్ల డబ్బా పెట్టి వెనక్కి జరిగింది. వినోద డబ్బులు పెట్టి డబ్బా తీసుకుంది. ఫోన్‌లో అంత మాట్లాడుకున్నవాళ్లు ఎదురెదురుగా ఒకరి మాస్కును ఒకరు చూసుకున్నారు.

"పలికితే ఫోన్ చెయ్యి," అంది పద్మారాణి.

ఇంటికి వచ్చి తెల్ల గుడ్డ పరిచి, దాని మీద స్క్రూ పెట్టుకుని, పలకను డబ్బాలో బిగించింది. తీగ కంప్యూటర్‌కు తగిలించగానే డబ్బా లోపల నీలం చుక్క వెలిగింది. ఏళ్ల తరబడి గీసిన బూటాలు, అంచులు, కొంగులు వరసగా తెర మీదికి వచ్చాయి. ఫోన్ చేసి చెప్పింది. "పలికింది అక్కా."

"ఆయనకు రాస్త," అంది పద్మారాణి.

ఆ తరువాత కూడా కొన్నాళ్లు ఫోన్లు వచ్చాయి. రాజమౌళికి ఆక్సిజన్ తగ్గించారని, గంజి తాగాడని, లేచి కూర్చున్నాడని. ఒకరోజు ఇంటికి పంపిస్తున్నారని. వినోద నిజంగానే సంతోషపడింది. అతను ఇంటికి వచ్చాక ఫోన్లు ఆగిపోయాయి. పద్మారాణికి ఇప్పుడు మందులు, కషాయాలు, మనిషిని కనిపెట్టుకుని ఉండటం. వినోద ఒకసారి చేసింది. "ఆయనకు స్నానానికి నీళ్లు పెట్టిన, మల్ల చేస్త," అని పెట్టేసింది పద్మారాణి. మళ్లీ చేయలేదు. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి ఏ కారణమూ దొరకలేదు వినోదకు.

జూన్‌లో మార్కెట్ తెరిచారు. పరుశురాం ఊరి నుంచి ఫోన్ చేసి, సిరిసిల్లలోనే మగ్గం పని దొరికిందని, పిల్లలను అక్కడే బడిలో వేస్తున్నానని చెప్పాడు. "మంచిదే," అంది వినోద. ఆ సాయంత్రం ఏమీ తోచక రాజమౌళి దుకాణానికి నడిచింది.

అతను బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. చొక్కా వేలాడుతోంది. "ఏం కావాలె?" అన్నాడు. ఏం అడగాలో ఆలోచించుకుని రాలేదు వినోద. "తీగ. కేసింగ్‌ది," అంది.

మాట వినపడి లోపలి మెట్ల మీది నుంచి పద్మారాణి దిగి వచ్చింది. "వినోదవే గదా? గొంతు గుర్తువట్టిన. మాస్కు జర తియ్యి, ముఖం చూత్త." వినోద తీసింది. ఆమె తేరిపార చూసి, "ఇంకా చిన్నదానివనుకున్న," అంది. వినోద కూడా ఆమె ముఖం ఇంకాస్త గుండ్రంగా ఉంటుందనుకుంది, చెప్పలేదు. ఇంతలో ప్రింటర్ పట్టుకుని ఎవరో వచ్చారు. "ఆదివారం రా, అన్నం తిందువు," అంది పద్మారాణి అటు తిరుగుతూ.

ఆదివారం వినోద చీర మార్చుకుని వెళ్లింది. షట్టర్‌కు తాళం ఉంది. పై కిటికీ మూసి ఉంది. కాసేపు ఎదురు అరుగు దగ్గర నిలబడి వెనక్కి వచ్చి, ఇంట్లో అన్నం వండుకుంది. ఫోన్ చేయలేదు.

రెండు రోజులకు పద్మారాణే చేసింది. "ఆదివారం ఆయనకు మల్ల దమ్మొచ్చె. దవాఖానకు ఉరికినం. నీకు చెప్పుడే యాది మరిచిన. నువ్వొచ్చి తిరిగి పోయినవా ఏంది?"

"లేదక్కా," అంది వినోద. "నాకు గూడ పని పడ్డది. రాలె. అన్నకు ఎట్లున్నది?"

"ఇప్పుడు మంచిగనే ఉన్నడు. మరి ఎప్పుడొస్తవు?"

మర్యాదకు అడుగుతోందో, నిజంగానే అడుగుతోందో వినోదకు తెలియలేదు. ఫోన్‌లో ఆమె ఊపిరి వినిపిస్తోంది. జవాబు కోసం ఆగే ఉంది.

"రేపొస్త," అంది వినోద.