ఏమండీ తర్వాతి మాట

నాకొక అనుమానం చాలా ఏళ్లుగా ఉంది. రోజూ పొద్దున్నే స్నానం చేసి దేవుడి ముందు నిలబడి నేను చెప్పుకునే నాలుగు మాటల్లో నావి ఎన్ని, నోటికి అలవాటైనవి ఎన్ని? ఒక్కోసారి చివరికి వచ్చేసరికి మొదలు చెప్పానో లేదో గుర్తుండదు. నోరు తన పని తాను చేసుకుపోతుంది. అది కూడా ఆయనకు చేరుతుందా? పెద్దవాళ్లను అడిగే ధైర్యం లేక అలాగే మోసుకు తిరుగుతున్నాను.

ఒకసారి ఈ మాట ఫ్యూజు దగ్గర అన్నాను. ఫ్యూజంటే నా స్నేహితుడు. మిక్సీలు, ఫ్యాన్లు, ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టు వాడిది. "ఒకసారి ఆపి మళ్లీ వేసి చూడు బావా" అన్నాడు. ఏ జబ్బుకైనా వాడు ముందు చెప్పే వైద్యం అదే.

నేను మందుల దుకాణంలో బిల్లులు కొడతాను. పని అయ్యాక ఆ కొట్లో కాసేపు కూర్చోనిదే ఇంటికి వెళ్లను. మా ముగ్గురు స్నేహితుల్లో మూడోవాడు సిటీ బస్సు డ్రైవరు. వాణ్ని స్టీరింగ్ అంటాం. డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వస్తాడు. మా కబుర్లన్నీ ఇళ్లలోని సామాన్ల గురించే. మా ఫ్రిజ్జు గురక పెడుతోందని నేనంటే, నీ గురక కంటే అది ఎక్కువో తక్కువో మీ ఆవిడను అడిగి రమ్మంటాడు ఫ్యూజు. దుకాణంలో కంప్యూటరు పాస్‌వర్డు మార్చమని మాటిమాటికీ పీక్కుతింటోందంటే, నీ పెళ్లిరోజు పెట్టుకో, నీకే గుర్తుండదు కాబట్టి ఎవడూ నీ నోట రాబట్టలేడంటాడు. ఇదివరకు ఈ మాటలకు అందరికంటే గట్టిగా నవ్వేది స్టీరింగే. భార్య పోయినప్పటి నుంచి వస్తున్నాడు, కూర్చుంటున్నాడు, టీ చల్లారిపోయాక తాగి లేస్తున్నాడు.

ఆ సాయంత్రం జేబులోంచి ఆమె ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. దాని నంబరుకు ఇంకా రీచార్జి చేయిస్తూనే ఉన్నాడని మాకు తెలుసు. పాడైందన్నాడు.

ఫ్యూజు అటూ ఇటూ తిప్పి చూశాడు. చార్జింగు ఎక్కుతోంది. బ్యాటరీ ఉబ్బలేదు. ఫొటోలేమైనా పోయాయా అని అడిగాడు. లేదు. నంబర్లా అన్నాడు. అవీ ఉన్నాయి. మరి పోయిందేమిట్రా అన్నాడు. స్టీరింగ్ ఫోను తన చేతిలోకి తీసుకుని, మెసేజీ రాసే చోట "ఏమండీ" అని కొట్టి మాకు చూపించాడు.

మనం ఒక మాట రాయగానే తర్వాత ఏం రాస్తామో ఊహించి ఫోను కొన్ని మాటలు అందిస్తుంది కదా, అలా మూడు వచ్చాయి. మొదటిది "తిన్నారా". దాన్ని నొక్కితే "నేను" వచ్చింది. దాన్నీ నొక్కితే "తినేస్తున్నా".

"రోజూ ఇంటికెళ్లాక ఇలా నొక్కుతుంటా," అన్నాడు. "తనే మాట్లాడుతున్నట్టుంటుంది."

మొదట్లో చాలా మాటలు వచ్చేవట. ఒక మాట పట్టుకుని వెళ్తే గొడుగు దగ్గరికి చేరేదట, ఇంకోటి పట్టుకుంటే మోకాళ్ల నొప్పి దగ్గరికి. "చెబితే వినరు" అని కూడా వచ్చేదట. ఇప్పుడు అవేవీ రావడం లేదు. ఎన్నిసార్లు చూసినా తిన్నారా, నేను, తినేస్తున్నా. పోయిన మాటలు ఎలాగైనా వెనక్కి తెప్పించమన్నాడు.

ఫ్యూజు మిక్సీ సంగతి చెప్పినంత మామూలుగా చెప్పేశాడు.

"ఫోను బానే ఉందిరా. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లని నేర్చుకుంటుంది. వదిన చేతిలో ఉన్నప్పుడు వదినని నేర్చుకుంది. ఇప్పుడు రోజూ నొక్కేది నువ్వు కదా. నువ్వు నొక్కినవి ముందుకొస్తాయి, నొక్కనివి వెనక్కి పోతాయి."

"అంటే ఇవి?"

"నీ మాటలేరా ఇవి."

అన్నాక గానీ తానేమన్నాడో వాడికి తెలియలేదు. విప్పాల్సింది ఏమీ లేకపోయినా స్క్రూడ్రైవరు తీసి చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

నేను స్టీరింగ్ ముఖంలోకి చూడలేకపోయాను. ఆమె గొంతు వినాలన్న ఆశతోనే ఆమె మాటల్ని వాడు తన వేలితో ఒక్కొక్కటిగా తుడిచేసుకున్నాడు. ఏమని ఓదార్చాలి? నాకు తోచింది అడిగాను. చెల్లెమ్మ నీకు పంపిన మెసేజీలు నీ ఫోన్లో ఉంటాయి కదా, వాటిని ఎవరూ మార్చలేరు కదా అన్నాను.

ఉన్నాయన్నాడు. కానీ తెరవనన్నాడు. ఎందుకని అడిగితే తల దించుకుని చెప్పాడు. ఆమె పంపిన ఒక్క దానికీ తను జవాబు రాయలేదట. బస్సు నడిపేటప్పుడు ఎలాగూ కుదరదు. దిగాక, ఇంటికే కదా వెళ్తున్నాం, ఎదురుగా చెప్పొచ్చులే అనుకునేవాడు. "మీరు నాకొక జవాబు బాకీ" అని ఆమె ఏళ్ల తరబడి ఆటపట్టించేది. ఆ మాట నేనూ విన్నాను. మా ఇంటికి వచ్చినప్పుడు, మీ స్నేహితుడి చేత ఆ బాకీ మీరైనా తీర్పించండి అన్నయ్యా, అనేది.

చివరగా ఏం రాసిందని అడిగాను. అడగకూడదేమో. వాడు తన ఫోను తెరిచి నా చేతికిచ్చాడు. ఆపరేషనుకు లోపలికి తీసుకెళ్లే ముందు రాసింది అది.

"ఏమండీ, ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీశానో లేదో గుర్తు రావట్లేదు. కాస్త చూస్తారా."

దుప్పటీ, ఫ్లాస్కూ తేవడానికి వాడప్పుడు ఇంట్లోనే ఉన్నాడట. చూశాడట కూడా. ప్లగ్గు తీసే ఉంది. ఆసుపత్రికే కదా వెళ్తున్నాను, ఆపరేషనయి తను బయటికొచ్చాక చెబుదాంలే అనుకున్నాడు. ఆమె మళ్లీ కళ్లు తెరవలేదు.

"ఇల్లు తగలబడుతుందేమోనన్న దిగులుతోనే లోపలికెళ్లింది కదరా," అన్నాడు.

"ఇప్పుడు చెప్పరా," అన్నాను. ఆ మాట నా నోటికి ఎలా వచ్చిందో నాకు తెలియదు.

ఫ్యూజు బల్ల మీది వైర్లు పక్కకు నెట్టి వాడికి మోచేతులు ఆనించుకునే చోటు చేశాడు. స్టీరింగ్ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు. ఫోను అందించిన మాటలు వేటినీ ముట్టుకోలేదు. ప్లగ్గుకు ఒత్తులు ఎలా పెట్టాలో తెలియక ఆగితే ఫ్యూజు పక్కనుంచి చూపించాడు.

"చూశాను. ప్లగ్గు తీసే ఉంది. భయపడకు."

పంపాడు. బల్ల మీద ఆమె ఫోను వెలిగి, కాస్త వణికింది. దాన్ని మేమెవరమూ ముట్టుకోలేదు.