సరి యను నొక్క మాట

వైశాఖమాసపు మధ్యాహ్నమున విశాఖపట్టణ సముద్రతీరము నిప్పులు చెరుగుచుండెను. ప్రచండమార్తాండ కిరణజాలమునకు వెఱచి జాలరులు తాటాకు పందిళ్ల నీడలఁ జేరియుండఁగా వేఁగిన యిసుకమీఁదఁ గాకియైన వ్రాలకుండెను. ఎడతెగని తరంగఘోషము తప్ప వేఱొక సవ్వడి లేని యా వేళ నొక రాతిబల్లపై నేకాకియై కూర్చుండి రోడ్డున కావలనున్న యాటశాలనుండి లీలగా వినవచ్చు బంతిచప్పుడు నాలకించుచున్న దీర్ఘకాయుఁడు లోలుగు సన్యాసిరావు. వయస్సు ఇరువదియైదేండ్లు. పొడవు ఆఱడుగుల యేడంగుళములు. ఆ శాలలో నైదేండ్లు బాస్కెట్‌బాల్ ఆడినవాఁడు నేఁడు దాని గడప త్రొక్కరాదు.

ఏల త్రొక్కరాదో చెప్పవలెను. సమాఖ్యవారి నిబంధనలలో నియతస్వేచ్ఛ యను విచిత్రపదార్థ మొకటి కలదు. తొలి యొడంబడిక ముగిసిన యాటగాఁడు స్వతంత్రుఁడే. ఎవరు పిలిచినను బోవచ్చును. కాని క్రొత్తజట్టువారు వ్రాసియిచ్చిన పిలుపుపత్రమును బాతజట్టు యజమాని మూఁడు దినములలోఁ జూచి యవే షరతులకుఁ దానును లోఁబడెనేని యాటగాఁడు కిక్కురుమనక పాతచోటనే యుండవలెను. లోఁబడనిచో మూట గట్టుకొని పోవలెను. ఉండుటయుఁ బోవుటయుఁ దన చేతలేని యీ యవస్థకు స్వేచ్ఛ యని పేరు పెట్టిన మహానుభావుఁ డెవ్వఁడో గాని వాని చమత్కారమును మెచ్చుకొనక తప్పదు. ఆ మూఁడు దినములు నాటగాఁడు ఏ జట్టువాఁడును గాఁడు గనుక నే యాటశాలలోను నడుగిడరాదని నియమము. నేఁడు మూఁడవ దినము.

సన్యాసిరావునకుఁ బసితనముననే తల్లిదండ్రులు పోయిరి. క్రీడాపాఠశాల వసతిగృహములోఁ బెరిగి యటనుండి తిన్నగా విశాఖజట్టులోఁ జేరినవాఁడగుట జట్టు విడిదియే యతని యిల్లు. జట్టు యజమాని గ్రంధి విశ్వేశ్వరగుప్తగారు పలాసలో జీడిపప్పు కర్మాగారములు గల వృద్ధుఁడు, కోపమెఱుఁగనివాఁడు. ఆట ముగిసినప్పుడెల్ల నతని వీఁపు తట్టి తిన్నావా నాయనా యని యడుగుచుండును. ఆ యొక్క మాటతో నైదేండ్లు కడుపు నింపుకొన్న యమాయకుఁడు సన్యాసిరావు. గుంటూరుజట్టునుండి పిలుపుపత్రము వచ్చినప్పు డతఁడు పొంగిపోయినది గుంటూరు పోవుదునని గాదు. గుప్తగారు దానిని జూచి మావాఁడు మాకే కావలె నని వ్రాయుదురు గదా యని. తన్నొకరు కావలెనని వ్రాయఁగాఁ జదువుకొనవలెనని యతని యాశ. అంతకు మించి యతఁ డే యాశయుఁ బెట్టుకొనలేదు.

అయితే యా పత్రమున రెండు మెలికలుండెను. మూఁడేండ్ల జీతములోఁ బెద్దపాలు సంతకము చేసిననాఁడే చెల్లింపవలె ననుట మొదటిది. గుప్తగారు మనుమరాలి పెండ్లిపనులలో మునిఁగి తల యెత్తలేని దినములు చూచి యందించుట రెండవది. సన్యాసిరావు పక్షమున బేరములాడు మధ్యవర్తి అవసరాల కామేశము ఆ మధ్యాహ్నమే ఫోను చేసి గుట్టు విప్పెను.

"నీ దగ్గర దాచడమెందుకు సన్యాసీ. గుంటూరోళ్లకి కావల్సింది నువ్వు కాదు. గుప్తగారు నిన్ను ఉంచుకుంటే చేతిలో ఉన్నదంతా నీకే ఖర్చైపోద్ది. అప్పుడు మీ జట్టులో మేటి ఆటగాడు రామినాయుణ్ణి ఆయన నిలుపుకోలేరు. వాళ్ల కన్ను వాడి మీద."

"ఒకవేళ ఆయన నన్ను ఉంచుకోకపోతే?"

"అప్పుడు వాళ్ల మెడకి నువ్వు చుట్టుకుంటావు. ఏం చేస్తారు, ఆడిస్తార్లే."

ఆ మాటకు సన్యాసిరావు మనస్సు చివుక్కుమనెను. అయినను గుప్తగారున్నారు గదా యని సర్దిచెప్పుకొనెను. నాలుగు గంటలు గొట్టినపిమ్మట జట్టు కార్యదర్శిని హైమవతమ్మ యతనిఁ బిలిపించి గడప దాటి రాఁగూడదు గనుకఁ దానే మెట్లమీఁదికి వచ్చి పత్రమును జేతికిచ్చెను. అంచున ఊదారంగు సిరాతో గుప్తగారి గుండ్రని చేవ్రాలు. దాని పైన నొకే మాట: సరి.

గుప్తగారి కది చిరకాలపు టలవాటు. సెలవుచీటి మొదలుకొని క్రొత్తబంతుల కొనుగోలు వఱకు నే కాగితము వచ్చినను అంచున సరి యని గీకి సంతకము చేయుదురు. ఇన్నేండ్లును దానివలన నెవరికిని జిక్కు రాలేదు. ఇప్పుడు వచ్చినది. సరి యనఁగా సమానము. గుంటూరువారి షరతులకు మేమును సరితూఁగుదుము, మావాని నుంచుకొందుము. సరి యనఁగా సమ్మతి. అట్లే కానిండు, పోవువానిఁ బోనిండు. రెండక్షరముల మాటలో నిండుబ్రదు కొకటి యటో యిటో తేలక వ్రేలాడుచుండెను.

"ఆరు గంటల్లోపు సమాఖ్యకి చెప్పాలి బాబూ," అని హైమవతమ్మ బిక్కమొగము పెట్టెను. "పెళ్లి హడావిడిలో ఆయన ఫోనెత్తట్లేదు. ఏమని చెప్పాలో నాకు తెలీట్లేదు. నువ్వే వెళ్లి అడుగు."

కల్యాణమండపము మంగళవాద్యరవములతోను బట్టుచీరల గరగరలతోను గన్నులపండువుగా నుండెను. గుప్తగారు ద్వారముకడ జరీపంచెతో నిలిచి వచ్చువారినిఁ బోవువారిని మన్నించుచుండిరి. సన్యాసిరావు వరుసలో నిలిచెను. అతనికి ముందున్న ఫొటోగ్రాఫరు వీఁపు తట్టి గుప్తగారు తిన్నావా నాయనా యనిరి. వానికి ముందున్న డోలువానితోను ఆ మాటయే. సన్యాసిరావు వంతు వచ్చినది. అదే చేయి, అదే మాట. ఐదేండ్లుగాఁ దనకొక్కనికే యనుకొన్నది ఊరందఱి సొత్తని యతని కప్పుడు తెలిసెను.

అతఁడు పత్రము చూపి యర్థ మడిగెను. గుప్తగారు కండ్లజోడు సవరించుకొని చూచిరి.

"రాత నాదే. మొన్న పూలవాళ్ల కాగితాలూ వంటవాళ్ల కాగితాలూ ఓ కట్టగా తెచ్చేరు. వాటిలో కలిసిపోయుంటది. చదివినట్టు లేదు నాయనా."

"ఇప్పుడు చదవండి బాబుగారూ."

"అప్పగింతల వేళ ఇప్పుడెక్కడ తీరుతుంది? నీకెలా కుదిరితే అలా అనుకో. ఏదైనా నాకు సరే. ముందు భోంచెయ్."

ఆ పలుకులలోఁ గపటము లేదు. ఉన్నచో సన్యాసిరావు కోపించుకొని యూరట పొందియుండును. అంత మంచివానిమీఁద నలుగుట కేని వీలులేక యతఁ డొక స్తంభము చాటునకుఁ బోయి కన్నులు తుడుచుకొని కామేశమునకు ఫోను చేసెను. అప్పటికి ఐదున్నర.

"ఉండిపో," అనెను కామేశము సర్వము విని. "సరి అంటే సరితూగడమే అని నేను వాదిస్తాను. ఉన్నచోటు నయం కదా."

"వద్దండి. పొమ్మన్నారనే చెప్పండి."

"గుంటూరోళ్లకి నువ్వక్కర్లేదని చెప్పేను కదయ్యా."

"చెప్పేరు. అది తెలిసే వెళ్తన్నాను. ఇక్కడ అయిదేళ్లూ తెలీకుండా ఉన్నాను."

కామేశము హైమవతమ్మకు నట్లే చెప్పుదు ననెను. పిదప మంచిదని ఫోను పెట్టివేసెను.

సన్యాసిరావు వెడలిపోఁబోవఁగా గుప్తగారి బంధువెవ్వఁడో చేయి పట్టుకొని తినక పోరాదని బలవంతపెట్టి కడపటి పంక్తిలోఁ గూర్చుండఁబెట్టెను. బల్లక్రింద నతని మోఁకాళ్లు పట్టలేదు. ఇరుప్రక్కల విస్తళ్ల ముందరివారు తమతమ చుట్టములతో ముచ్చటలాడుచుండిరి. గోడగడియారమున నాఱు గంటలగుచుండఁగా బూరెలబుట్ట చేతఁబట్టిన వడ్డనవాఁడు మగపెళ్లివారికిఁ గొసరి వడ్డింపవలెనన్న యాజ్ఞ గలవాఁడై యతని విస్తరి ముందర నాఁగెను.

"పెళ్లికొడుకు తరఫా బాబూ, పెళ్లికూతురు తరఫా?"

సన్యాసిరావు తలయెత్తి చూచెను.

"నా తరఫునే వచ్చేనండి."

వడ్డనవాఁడు బదులునకై యాఁగలేదు. ఆ మాట యతని పెదవి దాటునప్పటికే యొక బూరె విస్తరిలో వేసి ప్రక్కవానికడకుఁ బోయెను. తనకుఁ దానే పక్షమైనవానికి లోకమున విస్తరి దొరకును గాని యింకొకటి వేయించుకొమ్మని చెప్పు తోడు దొరకుట యరుదు. సన్యాసిరావు వేఁడిబూరెను మెల్లగా విఱిచి యూఁదుకొని తినెను.