దాతలు వచ్చే రోజు

ఇస్త్రీ పెట్టె ఇంకా చొక్కా మీదే ఉంది. లాండ్రీ యజమాని ఫోను తెచ్చి ఆమె చెవి దగ్గర పెట్టాడు. బడి నుంచి. పిల్లాణ్ణి వెంటనే తీసుకెళ్ళాలట.

"ఎన్నోసారమ్మా ఇది? ఈసారి వెళ్తే మళ్ళీ రానక్కర్లేదు," అన్నాడు యజమాని.

ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి పరుగు తీసింది. ఎవర్ని కొరికాడో, తల గోడకేసి కొట్టుకున్నాడో! ఆరేళ్ళ కొడుక్కి ఆటిజం అని డాక్టరు చెప్పిన నాటి నుంచి, ఫోను మోగితే చాలు ఆమెకు పై ప్రాణాలు పైనే పోతున్నాయి.

ఆమె బడి చేరేసరికి భర్త అప్పటికే వచ్చి ఉన్నాడు. గోడలకు రంగులు వేసే మనిషి. మోచేతుల దాకా సున్నం. తరగతి గుమ్మంలో హెడ్‌మిస్ట్రెస్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ పూట కూలి పోయినట్టే.

లోపల, చివరి బెంచీ పక్కన నేల మీద, పిల్లాడు సుద్దముక్కలు వరసగా పేర్చుకుంటున్నాడు. హాయిగా, తన లోకంలో తాను.

"ఏం చేశాడు మేడమ్?" అని అడిగిందామె.

"ఇంకా ఏం చెయ్యలేదు. కొత్త గదులు కట్టించే దాతలు వస్తున్నారు. పిల్లలు చప్పట్లు కొట్టగానే వీడు అరుపులు మొదలెడితే మా పరువేం కాను? ఒక్కపూట ఇంట్లో ఉంచుకోండి."

ఏమీ చెయ్యలేదట! ఆమెకు ఒళ్ళు మండింది. వాడు చేసినవాటికి ఇన్నాళ్ళూ కాళ్ళావేళ్ళా పడింది. ఇక చెయ్యనివాటికి కూడానా?

"చప్పట్లు మానేయమనండి మేడమ్. చేతులూపితే సరిపోదా? వాడు కుదురుగా ఉంటాడు."

"ఒక్కడి కోసం ఇంతమంది మారాలా?"

"మారితే ఏం పోయిందండీ?"

భర్త ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "గొడవెందుకే? కోపమొస్తే రేపట్నుంచి అసలే రానివ్వరు. పద."

"రేపు రానిస్తారని ఇవాళ తీసుకెళ్ళడం, ఎన్నాళ్ళయ్యా ఇలా?"

బయట కారు ఆగింది. హెడ్‌మిస్ట్రెస్ కంగారుపడిపోయింది. "వెనక గేటు నుంచి తీసుకెళ్ళిపోండి, త్వరగా!"

"తీసుకెళ్ళను."

అన్నది తానేనా అని ఆమెకే భయమేసింది. వెళ్ళి కొడుకు పక్కన చతికిలబడింది. వాడు తలెత్తలేదు, ఆమె మోకాలు అడ్డొస్తే సుద్దముక్కల వరసను పక్కకు తిప్పుకున్నాడు.

వరండాలో బూట్ల చప్పుడు దగ్గరైంది. పిల్లలంతా లేచి చప్పట్లు కొట్టడానికి చేతులెత్తారు. ఆమె రెండు అరచేతులతో వాడి చెవులు మూసింది. వాడు విదిలించుకోలేదు.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడిన భర్త గబగబా లోపలికి వచ్చాడు.

"పిల్లలూ, చప్పట్లొద్దు. ఇదిగో, ఇలా."

సున్నం అంటిన చేతులు రెండూ పైకెత్తి ఊపాడు. పిల్లలు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచి, ఒకసారి అతని వైపు, ఒకసారి హెడ్‌మిస్ట్రెస్ వైపు చూశారు.