పుంజు బొమ్మ వెనక

మరికినా ఏరు పొంగి ఇళ్ల కప్పులెక్కిన వరద తర్వాత పన్నెండో ఏడు. రోజూలాగే ఆ మధ్యాహ్నం నర్సీసా పుంజుకు నీళ్లు పోసి, తువ్వాలుతో తుడిచి, ఎండలో నిలబెట్టింది. పుంజు పేరు హెనెరల్, అంటే సేనాధిపతి. జోళ్లు కుట్టే మొగుడు డెల్ఫిన్‌కు అది ప్రాణం. పొద్దున లేస్తూనే దాని దగ్గరికి పోయి "తిన్నావా నాన్నా?" అంటాడు. పంతొమ్మిదేళ్ల కాపురంలో నర్సీసాను ఆ మాట ఎవరూ అడగలేదు.

అడగలేదని ఆమె ఏడవలేదు. ఫోనులో దొంగపేరుతో ఖాతా తెరిచి, ముఖం ఉండాల్సిన చోట హెనెరల్ బొమ్మ పెట్టింది. ఆ ఇంట్లో మర్యాద దొరికే ముఖం అదొక్కటే మరి. గిన్నెలు తోమాక గూటి పక్కన కూర్చుని, పేటవాళ్లంతా చూసే ఫేస్‌బుక్ గుంపులో రాసేది. ఎక్కువగా ఓఫెలియా మీదే. ఓఫెలియా చర్చి ముందు బిబింకా కాల్చి అమ్ముతుంది. కిందా నిప్పులు, పైనా నిప్పులు, మధ్యలో బియ్యప్పిండి రొట్టె. తిన్నవాళ్లు "నీ చేతిలో ఏముందమ్మా!" అంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నర్సీసాకూ కిందా పైనా రాజుకునేది. తను వండింది తిని ఈ ఇంట్లో త్రేన్చడమే తప్ప ఒక్కరైనా నోరు విప్పారా? విప్పితే వంకకే.

"ఇది రొట్టా, చెప్పుకు కుట్టే అట్టా?" అని పుంజు రాసింది. అరవైమంది నవ్వారు. "ఆ చేతి వంటకు వీధికుక్క కూడా ఉపవాసం ఉంటుంది" అని రాసింది. నూటపదిమంది నవ్వారు.

అత్త బసీలియా ఫోను కళ్లకు ఆనించుకుని చదివి పగలబడి నవ్వేది. "ఎవడోగానీ ఎంత చక్కగా అంటాడే! నువ్వూ ఉన్నావు, నోట్లో నాలుక లేనిదానివి."

అత్త కాళ్లకు నూనె రాస్తూ నర్సీసా తల వంచుకునేది. ఆ ఇంట్లో ఆమెకు దొరికిన మొదటి మెప్పు అదే.

ఒకవారం ఓఫెలియా పొయ్యి వెలగలేదు. పేట పెద్దకు ఫిర్యాదు చేసింది.

పుంజులన్నీ ఒకలాగే ఉంటాయనుకుంది నర్సీసా. పందేలాడే మగాడు పెళ్లాం జుట్టు కత్తిరించుకున్నా చూడడు. పక్కవాడి పుంజును మాత్రం ఒక్క ఈకతో పోల్చుకుంటాడు. "ఎడమ రెక్కలో తెల్ల ఈక! డెల్ఫిన్ పుంజే!" అన్నారు నలుగురు. డెల్ఫిన్‌ను పేట ఆఫీసుకు పిలిపించారు. ఒప్పుకోకపోతే ఫిర్యాదు కాగితం పోలీసులకు పోతుందన్నారు.

వెనక బల్ల మీద అత్త పక్కన కూర్చుంది నర్సీసా. నోరు మూసుకుంటే తప్పించుకోవచ్చు. ఎదురుగా ఓఫెలియా కళ్లు వాచి ఉన్నాయి.

పేట పెద్ద కళ్లజోడు సర్దుకుని చదివాడు. "చెప్పుకు కుట్టే అట్ట. జోళ్లవాడి మాట కాకపోతే ఇంకెవడిదయ్యా?"

"అయ్యో, నేనన్నది మా ఆవిడ చేపల వేపుడును! రొట్టెను కాదు!"

"మరి వీధికుక్క?"

"అది మా ఆవిడ పులుసుకు మా అమ్మ పెట్టిన వంక!"

బసీలియా లేచింది. "నాకు ఫోనులో రాయడం వచ్చా, చచ్చినోడా!"

అప్పుడు తల్లీకొడుకులు ఇద్దరూ మెల్లగా ఒకే వైపు తిరిగారు. నర్సీసా లేచి నిలబడింది.

"పుంజు ఆయనది. మాటలు సగం ఆయనవి, సగం అత్తయ్యవి. వేళ్లు మాత్రం నావి."

ఆమె ఓఫెలియా వైపు తిరిగింది. "నీ రొట్టె నేనెన్నడూ తినలేదు. నా మీద పడ్డవన్నీ ఏరి నీ మీద పోశాను. తప్పు నాదే."

"తిననిదానికా అక్కా ఇన్ని వంకలు?" ఓఫెలియా ముక్కు తుడుచుకుంది. "రేపు పొయ్యి వెలిగిస్తా. వచ్చి తిను. తిన్నాక తిట్టు."

"వస్తా. పొద్దున్నే వస్తా."

"పొద్దున్నేనా? మరి మా అన్నం?" అన్నాడు డెల్ఫిన్.

"హెనెరల్‌నడుగు."

మర్నాడు పొద్దున డెల్ఫిన్ అలవాటుగా గూటి దగ్గరికి పోయి "తిన్నావా" అనబోయి ఆగాడు. పుంజును చంకన పెట్టుకుని చర్చి దాకా నడిచాడు. బల్ల మీద కూర్చుని వేడి రొట్టె ఊదుకుంటున్న పెళ్లాం ముందు నిలబడి, "తిన్నావా?" అన్నాడు.

"తింటున్నా. కనబడటంలా?"

ఆమె తినడం అయ్యేదాకా అతను పుంజును పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.