వెనక సీటు నీడ

పొద్దున ఏడింటికల్లా ముత్యం ఎర్ర మోటార్‌సైకిల్‌ను గుడ్డతో తుడిచి, కాగితాల సంచీ మెడలో వేసుకుని బయల్దేరేవాడు. ఎడారి దేశపు మెసయీద్‌లో కంపెనీ క్యాంప్ నుంచి ఓడరేవు పక్కనున్న సైటు ఆఫీసుకు పన్నెండు కిలోమీటర్లు. ఇక్కడి కాగితాలు అక్కడిచ్చి, అక్కడివి ఇక్కడికి తేవాలి. రెండేళ్లు సిమెంటు బస్తాలు మోసిన మనిషికి ఇది గద్దెనెక్కినంత పని.

బండి నేర్పింది గేటు దగ్గరి వాచ్‌మన్ నిజాముద్దీన్. ఆయనది ఆర్మూరు, ముత్యానిది మెట్‌పల్లి దగ్గర పల్లె. బస్సులో గంట దూరం కాబట్టి, ఇక్కడ చుట్టాల కిందే లెక్క. మొదటి వారం ముత్యం పడని చోటు లేదు. క్లచ్ ఒక్కసారిగా వదిలేవాడు, బండి పొట్టేలులా ఎగిరేది. అంతకంటే పెద్ద తప్పు ఇంకోటుంది. ఎడ్లబండిని ఎడమ పక్కన తోలిన అలవాటు చేతుల్లోంచి పోక, మలుపు తిరగ్గానే ఎదురొచ్చే ట్యాంకర్ల దారిలోకి వెళ్లిపోయేవాడు.

"కుడికి, కుడికి. ఇది మీ చేన్ల బాట గాదు," అని అరిచేవాడు నిజాముద్దీన్. ముత్యం దుమ్ము దులుపుకుని, కింద పడ్డా పైచేయి నాదేనన్నట్టు మళ్లీ ఎక్కేవాడు.

ఎనిమిదో రోజు బండి తిన్నగా పోయింది. ఎందుకు పోయిందో పక్కన ఇసుకలో పరుగెత్తే నీడను చూస్తే తెలిసింది. నీడలో వెనక సీటు మీద ఓ ఆడమనిషి, కాళ్లు ఒక పక్కకు వేసుకుని కూర్చుంది. ఆ సిగముడి, ఆ కూర్చునే తీరు తన భార్య పుష్పవి. వెనక్కి తిరిగితే సీటు ఖాళీ. బరువు మాత్రం ఉంది. మలుపుల్లో బండితో పాటు వంగేది, రోడ్డు మీద ఇసుక కనబడితే బిగుసుకునేది.

గేటు దగ్గర నిజాముద్దీన్ నేల వంక చూసి, "కొంగు జర దగ్గరికి వెట్టుకొమ్మను. చైన్ల వడ్తది," అన్నాడంతే.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. పొద్దుటి పని అయిపోయినా ముత్యం సముద్రం వెంబడి ఇంకో చుట్టు తిరిగేవాడు. చొక్కా గాలికి ఉబ్బుతుంటే, పొగగొట్టాలనీ ఓడలనీ చూపిస్తూ వెనక్కి ముచ్చట్లు చెప్పేవాడు. ఎనిమిదిమంది పడుకునే గదిలో నోరు విప్పబుద్ధి కాని మనిషి, దారంతా ఆపకుండా మాట్లాడేవాడు. తను వచ్చేనాటికి పుష్ప కడుపుతో ఉంది. బిడ్డకు ఇప్పుడు రెండేళ్లు, ముఖం ఫోటోలోనే చూశాడు. ఆ నీడ కూడా లేకపోతే తనేమైపోయేవాడో అనుకుంటే భయమేసేది.

తొంభై ఆరు మార్చి చివర్లో ఉత్తరం వచ్చింది. పుష్ప చెబుతుంటే పక్కింటి పిల్ల రాసింది.

"పసుపు కళ్లంల కూలికి పోతున్న. ఉడకవెట్టిన పసుపు ఆరవోసిన కాడ చెట్టు లేదు, పందిరి లేదు. బిడ్డను నా నీడల కూసోవెట్టుకొని పని చేస్తుంటి. నెల సంది పొద్దున పూట నా నీడ కనవడ్తలేదు. యాడ పారేసుకున్నవని అందరు అడుగుతున్రు. బిడ్డకు రెండుసార్లు ఎండదెబ్బ కొట్టింది. ఇంకోసారైతె దక్కదని డాక్టరు అన్నడు. నువ్వు పైలం."

తను సముద్రం వెంబడి తిరిగిన ప్రతి చుట్టూ బిడ్డ నెత్తి మీద ఎండై కాసిందన్నమాట. ముత్యం ఆ పూటే ఆఫీసుకెళ్లి లీవు అడిగాడు. మూడేళ్లు నిండాలన్నారు. ఇంకా ఎనిమిది నెలలు.

మర్నాడు పొద్దున సముద్రం పక్కన బండి ఆపాడు.

"దిగు," అన్నాడు. నీడ కదల్లేదు. "బిడ్డ ఎండల ఉన్నది. నువ్వు పో."

పుష్ప నీడ దిగి, రెండడుగులు వేసి ఆగింది. ఒక్కడే ఎలా తోలతాడోనని దిగులు పడుతోందనుకున్నాడు. "నాకు వచ్చింది తియ్," అన్నాడు. అది అబద్ధం. నీడ చేయి చాపింది.

అప్పుడు ముత్యం నీడ కూడా హ్యాండిల్ వదిలి దిగింది. ముత్యం సీటు మీదే ఉన్నాడు, దాన్ని వెనక్కి పిలవలేదు. రెండు నీడలూ చేతులు పట్టుకుని, నీళ్ల మీదుగా, పొద్దు పొడిచిన వైపు నడిచిపోయాయి.

తిరుగుదారిలో బండి దూదిలా తేలిపోయింది. మొదటి మలుపు వచ్చింది. కుడికి, కుడికి అని తనకు తానే చెప్పుకుంటూ ఒక్కడే వంగాడు. బండి పడలేదు. ఆ మాట చెప్పడానికి వెనక ఎవరూ లేరని అప్పుడు ఏడ్చాడు.

గేటు దగ్గర నిజాముద్దీన్ బండి చుట్టూ నేలను ఓసారి చూశాడు.

"నీడకు లీవు దొరికింది. నీకెప్పుడు?"

"ఎనిమిది నెలలకు, భాయ్."

నెల తిరక్కుండా ఇంకో ఉత్తరం వచ్చింది.

"ఇప్పుడు కళ్లంల నా పక్కపొంటి రెండు నీడలు వడ్తున్నయి. బిడ్డ పెద్ద నీడల పండుకుంటది, ఒళ్లు సల్లగనే ఉంటున్నది. లేవంగనే ఆ నీడ మీద చెయ్యి వెట్టి 'బాపు' అంటది. దానికి ఎవ్వరం చెప్పలె."

ముత్యం ఎండలో, నీడ లేకుండా నిలబడి చదివాడు. ఆ పిలుపు తన చెవిన పడటానికి ఇంకా ఏడు నెలలుంది.